మూరెడు తక్కువ

"గా తీగెను అవుతల పెట్టి నాలుగు మెతుకులు తింటవా, తినవా?"

సాలమ్మ ఇలా అడగడం పొద్దుటి నుంచి మూడోసారి. పోచయ్య పలకలేదు. పలకలేదంటే మాట చెవిన పడలేదని కాదు. ఇన్నేళ్ల కాపురంలో సాలమ్మ మాట చెవిన పడకుండా తప్పించుకునే విద్య అతనికి పట్టుబడలేదు. యూనివర్సిటీ క్వార్టరు గడప మీద కూర్చుని, ఒళ్లో ఇనుప తీగ చుట్ట పెట్టుకుని, దాని మధ్యనున్న ముడిని బొటనవేలితో రాస్తున్నాడు.

"నిన్న పొద్దుమీకినప్పటి సంది గిదే పని. జ్వరమా, దయ్యమా? ఏదన్న ఒకటి చెప్పరాదు!"

"జ్వరం గాదు."

"మల్ల?"

"మూరెడు తక్కువున్నది."

"ఏంది తక్కువున్నది?"

"తీగె."

సాలమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. "ఆదివారం పూట తిండి మానేసి కూసున్నది తీగె కోసమా? ఇంకింత కొనుక్కొస్తే అయిపాయె!"

కొనుక్కొస్తే అయిపోయేదే అయితే పోచయ్య నిన్న రాత్రి నిద్రపోయేవాడు. యూనివర్సిటీ మైదానంలో పరుగు బాటకు గీత గీసేది అతనే. మైదానం రెండు కొసల్లో రెండు మేకులుంటాయి. మేకుకు తీగ తగిలించి, రెండో కొస పట్టుకుని అర్ధచంద్రంగా తిరుగుతూ గీస్తాడు. తీగ ఎంతుంటే మలుపు అంత, మలుపు ఎంతుంటే బాట అంత. రౌండు సరిగ్గా నాలుగు వందల మీటర్లు రావాలని, ఎప్పుడో పాత డైరెక్టరుగారు కొలిచి కోసి ఇచ్చిన తీగ అది.

మూడేళ్ల కింద వానాకాలంలో ఆ తీగ తెగింది. పోచయ్య రెండు కొసలూ మెలేసి గట్టిగా ముడి వేశాడు. ముడికి ఇటు జానెడు, అటు జానెడు పోయింది. తెగినదానికి ముడి వేస్తాం గాని, ముడిలో పోయిన ముక్కను ఎవరు లెక్క చూస్తారు? నిన్న తనిఖీ కోసం ఆఫీసు నుంచి కొత్త స్టీలు టేపు వచ్చింది. సరదాకు తీగను కొలిచాడు. ఆ సరదా అక్కడికక్కడే తీరిపోయింది.

అంతా విని సాలమ్మ తేలిగ్గా తీసేసింది. "మూరెడే గద! ఇయ్యాల కొత్త తీగెతోని మల్ల గీయి. రేపు ఆ లీగోళ్లు వస్తరు, కొలుసుకుంటరు, పోతరు. ఖతం."

"గీతదేమున్నది, గీస్త. బిడ్డ రికార్డు?"

సాలమ్మ చేతిలోని గంటె ఆగిపోయింది.

ఈ జనవరిలో ఆ బాట మీదే వాళ్ల కూతురు సుజాత ఎనిమిది వందల మీటర్ల రికార్డు కొట్టింది. ఇరవై ఎనిమిదేళ్లు ఎవరూ కదపలేని రికార్డు. దాన్ని పట్టుకునే ఇప్పుడు ఇంటిల్లిపాదీ వేలాడుతున్నారు. ఈ ఏడు పెద్ద పెద్ద యూనివర్సిటీలన్నీ పాత ఆటల పోటీల జోనుకు దండం పెట్టేసి, దక్కన్ లీగ్ అని కొత్త జట్టు కట్టాయి. ఎనిమిది చేరిపోయాయి. ఇంకా రెండింటికే చోటుంది. ఐదు యూనివర్సిటీలు ఆ తలుపు తడుతున్నాయి. చేర్చుకునే ముందు లీగు వాళ్లు వచ్చి మైదానం కొలిచి చూస్తారు. మనకొస్తుందా, రాదా అని క్యాంపస్‌లో చాయ్ తాగే ప్రతివాడూ ఒక తీర్పు చెబుతున్నాడు. చేరిన యూనివర్సిటీకి ఇద్దరు అథ్లెట్ల సీట్లు ఇస్తారు. పీజీ చదువు, హాస్టలు, మంచి కోచ్, అన్నీ లీగే చూసుకుంటుంది. కాకపోతే యూనివర్సిటీ రికార్డు ఉన్నవాళ్లకే. యూనివర్సిటీ పంపిన కాగితంలో మొదటి పేరు సుజాతది. ఆ సీటు రాకపోతే హబ్సిగూడ సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటరు ఉండనే ఉంది. సాలమ్మ ముందుజాగ్రత్తగా అక్కడ మాట్లాడి పెట్టింది కూడా.

"ఎవలకన్న చెప్పినవా?" అంది సాలమ్మ గొంతు తగ్గించి.

"ఇంకా లేదు."

"చెప్పకు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది."

"ఎంత తక్కువ నాయినా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సుజాత ప్రాక్టీసు ముగించుకుని వచ్చి, గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

పోచయ్య చేయి చాపి, మోచేతి నుంచి వేలికొస దాకా చూపించాడు.

సుజాత ఫోను తీసి లెక్క వేసింది. ఒకసారి వేసి, చెరిపి, మళ్లీ వేసింది. "ఒక్క రౌండుకు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. రెండు రౌండ్లకు ఆరు మీటర్ల దాంక నేను ఉరకనే లేదు. అంటే ఒక సెకను." ఫోను ఆపి అంది. "మేడం రికార్డు నేను కొట్టింది ముప్పావు సెకనుతోని."

మేడం అంటే ప్రమీల. ఫిజికల్ డైరెక్టరు ఇమ్మానుయేలు సారు భార్య, తార్నాకలో స్కూలు టీచరు. ఆ ఇరవై ఎనిమిదేళ్ల రికార్డు ఆమెదే. తన రికార్డు పోయిన రోజున అందరికంటే ముందు మైదానంలోకి పరుగెత్తుకొచ్చి సుజాతను వాటేసుకున్నదీ ఆమే. ఇప్పుడు సుజాత చేతిలో ఉన్న స్పైకుల బూట్లు కూడా ఆమె కొనిచ్చినవే.

పోచయ్య లేచాడు. "సారుకు చెప్పొస్త."

"వద్దు."

"బిడ్డా..."

"నాకు ఆ సీటు గావాలె నాయినా. నేను మంచిదాన్ని అనిపించుకోవాలని లేదు. దినమంతా కౌంటర్ల కూసొని పప్పు ప్యాకెట్లు గీకలేను." సుజాత గేటు వదిలి ముందుకొచ్చింది. "నువ్వు ముడేసినందుకు నేనెందుకు ఓడాలె?"

పోచయ్య తీగను గోనెసంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"పో! పోయి పిల్ల గొంతు మీద కాలు పెట్టి రా!" సాలమ్మ కేక పక్క క్వార్టర్ల దాకా వినిపించింది.

* * *

తార్నాకలో ఇమ్మానుయేలు గారి ఫ్లాటుకు పోచయ్య చేరేసరికి దంపతులు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. ప్రమీల చీరైనా మార్చుకోకుండా ఉల్లిపాయలు తరుగుతోంది. ఇమ్మానుయేలు మంచి హుషారుగా ఉన్నాడు. ఆ రోజు పాస్టరుగారు లీగు విషయమై ప్రత్యేక ప్రార్థన చేశారు. వైస్ ఛాన్సలరు సంతకం అయిపోయింది, పైవాడి దగ్గరికి కూడా ఫైలు వెళ్లింది. ఇంక కావలసిందేముంది?

"రావయ్యా పోచయ్యా, సమయానికొచ్చావు. కోడికూర అవుతోంది, కూర్చో."

పోచయ్య కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, తీగ బయటికి తీసి, ముడి చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో ప్రమీల చేతిలో కత్తి ఒక్కసారి కూడా కదల్లేదు.

ఇమ్మానుయేలు అడిగిన మొదటి ప్రశ్న "ఎవరెవరికి తెలుసు?" అని.

"ఇంట్లోళ్లకు ఎరుక సారూ."

"ఇంకెవరికీ తెలియకూడదు."

"ఏవండీ," అంది ప్రమీల. "పోయిన వారం కొలతల సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు కదా. ట్రాకు నాలుగు వందల మీటర్లు అని. టేపు పట్టి చూసే పెట్టారా?"

ఇమ్మానుయేలు దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయాడు.

"చూడలేదన్నమాట."

"ముప్పై ఏళ్లుగా ఉన్న ట్రాకుని ఇవాళ కొత్తగా కొలవడమేంటే!" అని, వెంటనే గొంతు మార్చాడు. "ప్రమీలా, నెలల తరబడి తిరుగుతున్నాను దీని కోసం. మే నెలలో రిటైరవుతున్నాను. పెద్దవాళ్లంతా లేచి వెళ్లిపోయాక ఆ పాత జోన్‌లో మనం ఎవరితో ఆడాలి? మనలాగా మిగిలిపోయిన వాళ్లతోనా? ఇంక మన దగ్గర చేరే పిల్లలెవరు? నేనిలా గేటు దాటగానే సగం గ్రౌండు పార్కింగుకి ఇచ్చేస్తారు. నీకు తెలియదా?"

అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే చిక్కు. అబద్ధమైతే ప్రమీల అక్కడే కడిగేసేది.

"పోచయ్యా, సాయంత్రానికల్లా కొత్త గీత పడిపోవాలి. పాతదాని మీద ఎర్రమట్టి కొట్టించు."

"కాలిన ఇంజన్ ఆయిలు పోసి, దాని మీద సున్నం కొట్టిన గీత సారూ. మట్టి పోసినా నల్లగ కనవడ్తది."

"రెండు తట్టలు ఎక్కువ పోయి!"

"నన్నెవరూ ఏమీ అడగరా?" అంది ప్రమీల.

ఇమ్మానుయేలు విసుగ్గా చూశాడు. "నిన్నడగడానికేముంది ఇందులో?"

"జిమ్నాసియం గోడ మీద ఇరవై ఎనిమిదేళ్లున్న పేరు నాది. ఇమ్మానుయేలు గారి భార్యని కాక ముందు నాకంటూ ఉన్నది అదొక్కటే. జనవరిలో పెయింటరు వచ్చి దాన్ని చెరిపేస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ఏడుపు రాలేదు. నాకంటే బాగా పరుగెత్తే పిల్ల వచ్చిందని సంతోషించాను." ఆమె కత్తి కింద పెట్టింది. "ఇప్పుడు వస్తోంది ఏడుపు."

"అయితే ఏం చేద్దామంటావు? నీ పేరు కోసం ఆ పిల్ల నోట్లో మట్టి కొడదామంటావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక అతనికీ తెలిసింది.   పోచయ్యకు పారిపోదామనిపించింది గాని, సెలవు తీసుకోకుండా ఎలా వెళ్తాడు?

ప్రమీల పోచయ్య వైపు తిరిగింది. "సుజాత ఏమంది?"

"సీటు గావాలన్నది మేడం."

"నిజం చెప్పింది," అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

* * *

సాయంత్రం మైదానంలో పోచయ్య కొత్త తీగతో కొత్త గీత గీశాడు. స్టీలు టేపుతో రెండుసార్లు కొలిచి మరీ గీశాడు. సుజాత సున్నం బకెట్టు పట్టుకుని వెంట నడిచింది. లోపలి పక్క మూరెడు దూరంలో ఉన్న పాత గీత మీద సాలమ్మ మట్టి పోసింది. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఇరుగుపొరుగు చూస్తే ఎంత కలిసికట్టుగా పని చేసుకునే కుటుంబమో అనుకునేవాళ్లు.

వెలుతురు తగ్గుతుండగా ప్రమీల వచ్చింది. పోచయ్యను గాని, సాలమ్మను గాని పలకరించకుండా సూటిగా సుజాత దగ్గరికి నడిచింది.

"తనిఖీ ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి మేడం."

"ఆరింటికి ఇక్కడికి రా. ఈ కొత్త గీత మీద పరుగెత్తు. గడియారం నేను పట్టుకుంటాను. నా టైము కొట్టావా, జన్మలో నోరు విప్పను. కొట్టలేదా, తొమ్మిదింటికి వాళ్లకు నేనే చెప్తాను."

"ఇయ్యాల పొద్దున పది రౌండ్లు ఉరికిన. కాళ్లు పట్టేసినయి మేడం. ఒక వారం టైమియ్యండి."

"వారం నా చేతిలో లేదు. నేను రికార్డు కొట్టిన రోజు నాకు జ్వరం."

సుజాత బకెట్టు కింద పడేసినంత పని చేసింది. "మీరు గూడ గంతేనా? నేను మీ బిడ్డ లెక్క అని అందరికీ చెప్తరు. మీకు మీ పేరే ఎక్కువ!"

"అవును," అంది ప్రమీల. "నీకు నీ సీటు ఎక్కువ కాలేదూ? నాకు నా పేరూ అంతే. దాన్ని పరుగెత్తి తీసుకో, ఇచ్చేస్తాను. ముడి వేసి తీసుకుంటే మాత్రం ఇవ్వను."

ముడి మాట వినగానే పోచయ్య తల వంచుకున్నాడు. సాలమ్మ మాత్రం తట్ట విసిరేసి అందుకుంది. "గొప్ప మేడమ్మే! స్పైకులు కొనిచ్చిన చేతితోనే కాళ్లు ఇరగ్గొట్టవట్టె!"

ప్రమీల వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆమె నడక చూస్తే ఇప్పటికీ పరుగెత్తే మనిషేనని తెలుస్తుంది.

* * *

పొద్దున ఆరింటికి మైదానంలో నలుగురే ఉన్నారు. పోచయ్య గీత మీద పడ్డ ఆకులు ఏరేశాడు. సాలమ్మ వచ్చేది లేదని రాత్రంతా అని, అందరికంటే ముందే వచ్చి రోలరు మీద కూర్చుంది.

ప్రమీల చేయి దించింది. సుజాత కదిలింది.

మొదటి రౌండు చూసినవాళ్లెవరైనా సీటు వచ్చేసినట్టే అనుకుంటారు. ఆ పిల్ల అంత తేలిగ్గా పరుగెత్తింది. ఆఖరి రౌండు గంట కొట్టాల్సిన చోట ప్రమీల టైము గట్టిగా అరిచి చెప్పింది. "బాగుంది! తగ్గించకు! చేతులు, చేతులు వాడు!" అని తెలియకుండానే కోచింగు మొదలుపెట్టింది. తన రికార్డు తనే పోగొట్టుకోవడానికి అంతలా అరిచే మనిషిని సాలమ్మ నోరు తెరుచుకుని చూసింది.

రెండో రౌండు ఆఖరి మలుపులో సుజాత కాళ్లు బరువెక్కాయి. నిన్నటి పది రౌండ్లు అక్కడ అడ్డం పడ్డాయి. అయినా పళ్లు బిగించి వచ్చింది. గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఊపిరి అందక ముందే అడిగింది.

"ఎంత?"

ప్రమీల గడియారం వైపు చూసింది గాని చెప్పలేదు. సుజాత ఆమె చేయి పట్టుకుని తిప్పి తనే చూసుకుంది. ప్రమీల టైము కంటే అర సెకను పైనే ఎక్కువ.

సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పోచయ్య అటు తిరిగి, ఏరడానికి ఆకుల్లేకపోయినా వంగి ఏరసాగాడు.

"మల్ల ఉరుకుత," అంది సుజాత.

"ఇప్పుడు పరుగెత్తితే పడిపోతావు." ప్రమీల గడియారం హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తొమ్మిదింటికి ఏం చెప్పబోయేదీ ఆమె చెప్పలేదు, సుజాత అడగలేదు. "ఇంటికి వెళ్లి స్నానం చేసి, ఏదైనా తిని రా. మొహం అలా పెట్టుకుని రాకు."

తొమ్మిది కొట్టగానే లీగు కారు వచ్చింది. దిగినావిడ పేరు పద్మశ్రీ. మాటల మనిషి కాదు. ఇమ్మానుయేలు తెప్పించిన బొకేను డ్రైవరు చేతికిచ్చి, మూడుకాళ్ల స్టాండు మీద కొలిచే యంత్రం పెట్టించి, మలుపు మలుపుకూ తనే వెళ్లి చూసింది. గంటన్నర సేపు ఇమ్మానుయేలు చేతిరుమాలు తడిసిపోయేలా మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నాలుగు వందలు. సరిగ్గా ఉంది," అంది పద్మశ్రీ చివరికి.

"థాంక్యూ మేడం! మా గ్రౌండ్‌మన్ పోచయ్యండి, ముప్పై ఏళ్ల అనుభవం," అన్నాడు ఇమ్మానుయేలు. అతని మొహంలో అప్పటికే లీగు జెండా ఎగిరిపోతోంది.

పద్మశ్రీ అతని మాట వినడం లేదు. కింద చూస్తోంది. బూటు కొసతో మట్టి కొంచెం పక్కకు జరిపింది. నల్లటి గీత కనిపించింది. ఇంకో రెండడుగులు నడిచి అక్కడా జరిపింది. అక్కడా ఉంది.

"ఇదేమిటి?"

"పాత నూనె మరకలు మేడం. ఎప్పటివో."

"మరకలు ఇంత గుండ్రంగా ట్రాకంతా తిరగవు కదండీ." ఆమె ఫైలు తెరిచి ఒక కాగితం బయటికి తీసింది. "ఎనిమిది వందల మీటర్ల రికార్డు. ఈ జనవరిలో, ఇదే ట్రాకు మీద. ఈ అమ్మాయి ఏ గీత మీద పరుగెత్తింది? బయటి గీతా, లోపలిదా?"

 సుజాత ప్రమీల వైపు చూసింది. చెప్తానన్న మనిషి, అన్న మాట మీద నిలబడే మనిషి. చెప్పెయ్యనీ, ఈ గుండెదడ వదిలిపోనీ అనుకుని కళ్లు మూసుకుంది.

"బయటి గీత మీదేనండీ," అంది ప్రమీల. "ఆ రోజు నేనిక్కడే ఉన్నాను. ఈ పిల్ల చెరిపేసింది నా రికార్డే. నా కళ్లతో చూశాను."

సుజాత కళ్లు తెరిచింది. ప్రమీల ఎక్కడో దూరంగా చూస్తోంది. చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాతికేళ్లుగా పాఠం చెప్పే మనిషి, చెవుల దాకా ఎర్రబడిపోయి, ఆ ఒక్క అబద్ధాన్ని పట్టుకుని నిలబడి ఉంది. పద్మశ్రీ పెన్ను తీసింది.

సుజాత సీటు కాగితం మీదికి ఎక్కబోతోంది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. ఆ నిమిషంలో సగం సుజాత ఊరుకుంది కూడా.

"మేడం అబద్ధం చెప్తున్నది," అంది.

"సుజాతా!" ప్రమీల అరిచింది. "నోర్ముయ్!"

"నేను గా లోపలి గీత మీద ఉరికిన. మూరెడు తక్కువ అది. ఇయ్యాల పొద్దుగాల మంచి గీత మీద ఉరికి ఓడిపోయిన. గడియారం గామె బ్యాగుల ఉన్నది, చూసుకోండ్రి. రికార్డు గామెదే."

రోలరు దగ్గర సాలమ్మ "అయ్యో బిడ్డా" అని కూలబడింది. పోచయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు. "తప్పు నాది మేడం. తీగె తెగితే ముడేసినోన్ని నేను. పిల్లకు అప్పుడు ఎరుకలే. రాయాల్నంటే నా పేరు రాసుకోండ్రి."

పద్మశ్రీ అతని వైపు కోపంగా చూడలేదు. ఫైలులోంచి ఇంకో కాగితం తీసి ఎత్తి పట్టుకుంది.

"ముడి ఎవరు వేశారని కాదు నేనడిగేది. టేపుతో కొలిచాను, నాలుగు వందల మీటర్లు ఉంది అని రాసి, పోయిన వారం దీని మీద సంతకం పెట్టిందెవరు?"

సంతకం ఎవరిదో దాని కింద ముద్రతో సహా ఉంది. అయినా ఆమె జవాబు కోసం ఆగింది.

ఇమ్మానుయేలు భార్య వైపు చూశాడు. ఇప్పుడే ఆ పిల్ల కోసం అబద్ధం ఆడిన మనిషి, తన కోసం ఇంకొకటి ఆడకపోతుందా అని చూశాడు.

ప్రమీల తల తిప్పుకుంది.